బంతి లేపే పాట

మా ఇంట్లో నిదానంగా అన్నం తినడం ఎవరికీ చేతనయ్యేది కాదు. బయట బస్సు ఆపుకొని వచ్చినట్టు తినేవాళ్లం. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, ఆమె ఇంకా రెండో ముద్ద కలుపుతుండగానే మేమందరం చేతులు కడిగేసుకున్నాం. తన వంట నచ్చలేదనుకొని ఆ పిల్ల లోపలికి పోయి కళ్లు తుడుచుకుంది. నేను వెంటపోయి చెప్పాను. "నీ వంటకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్నది. ఇది మాకు ఒక ఇంగ్లీషు రికార్డు వల్ల అంటుకున్న రోగం." ఆమె ఇంకా భయపడింది.

మా ఆయనది సూర్యాపేటలో మైకుసెట్టు. పెళ్లయినా, పుట్టువెంట్రుకలైనా, ఆత్మకూరులో అయినా, హాలియా పక్క పల్లెలో అయినా, ఈయన పోయి గొట్టాలు స్తంభానికి కట్టి, పాటల రికార్డులు తిప్పితేనే అక్కడ ఏదో జరుగుతోందని ఊరికి తెలిసేది. ఆయన చదివింది నాకంటే కొంచెం ఎక్కువ, అంటే తక్కువే. రికార్డుల అట్టల మీద అక్షరాలు చదివేవాడు కాదు, బొమ్మ చూసి పాట చెప్పేవాడు.

ఒకసారి రికార్డులు తిప్పే మిషనుకు ముళ్లు కొనడానికి హైదరాబాదు పోయి, పాత సామాన్ల సంతలో ఒక పెద్ద రికార్డు కూడా తెచ్చాడు. మా దగ్గర ఉన్నవన్నీ చిన్న రికార్డులే, సినిమా పాటలవి. అంత పెద్దది ఇంటికి రావడం అదే మొదలు. దాని అట్ట మీద గుంపుగా మనుషులు. ఒక్కొక్కరి తల మీద జుట్టు గంపంత. మిర్యాలగూడ బ్యాండు మేళం వాళ్ల కోట్లు కూడా వాళ్ల బట్టలంత మెరవవు. వాళ్ల చుట్టూ వంకాయ రంగు, నారింజ రంగు, పచ్చ, అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారుతూ, వానపడ్డ హైవే మీద లారీ డీజిలు తేలినట్టు. అందులో ఒక మనిషికి నక్షత్రాల ఆకారంలో కళ్లజోడు.

"ఎవరు వీళ్లు?" అన్నాను.

"ఎవరైతే ఏంది, బట్టలు సూసినవా?" అన్నాడు. బట్టలు చూసే కొన్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

మిషనుకు పక్కన ఒక పుల్ల ఉండేది. దాన్ని ఒక పక్కకు జరిపితే రికార్డు నిదానంగా తిరుగుతుంది, ఇంకో పక్కకు జరిపితే వడిగా తిరుగుతుంది. చిన్న రికార్డులకు వడి కావాలి. పెళ్లిళ్లలో పిల్లలు వచ్చి దాన్ని కదుపుతున్నారని ఈయన ఆ పుల్లను వడి వైపు పెట్టి, నల్ల టేపు చుట్టేశాడు. పెద్ద రికార్డులు నిదానంగా తిరగాలన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ ఎవరికీ పడలేదు. తెలుగు పాటైతే గొంతు సన్నబడగానే పట్టుకునేవాళ్లం. ఇంగ్లీషు వాళ్ల గొంతు ఎట్లా ఉండాలో సూర్యాపేటలో ఎవరికి తెలుసు?

ఆత్మకూరులో ఒక పెళ్లి భోజనాలప్పుడు సినిమా పాటలన్నీ అయిపోయి, ఈయన ఆ పెద్ద రికార్డు పెట్టాడు. డప్పులు దబదబ, ఏదో తీగ వాయిద్యం ఉరుకులు పరుగులు, వాటి మీద ఒక ఆడమనిషి సన్నటి గొంతుతో కొట్లాటకు వచ్చినట్టు పాడుతోంది. కూర్చున్న బంతిలో జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత చేతులు వేగం పుంజుకున్నాయి. పెరుగు దాకా వచ్చి కథలు మొదలుపెట్టే పెద్దమనుషులు కూడా గబగబా తిని, నిలబడే నీళ్లు తాగారు. వంటాయన గరిటె పట్టుకొనే బయటకు వచ్చాడు. "ఏం పాట ఏసినవే, నేను సాంబారు దించకముందే బంతి లేసింది" అన్నాడు.

బంతి భోజనాలు చూడనివాళ్లకు ఇది అర్థం కాదు. ఒక వరస కూర్చొని తింటుంటే, రెండో వరస వాళ్లు వెనక కుర్చీ పట్టుకొని నిలబడతారు. నిలబడ్డవాళ్ల కళ్లు కూర్చున్నవాళ్ల ఆకులోనే ఉంటాయి. ఇంటివాళ్ల ప్రాణం గొంతులో ఉంటుంది. కానీ తినేవాణ్ని లెమ్మని ఎట్లా అంటారు? ఆ మాట మన నోటితో రాదు. అందుకని దాన్ని ఇంగ్లీషులో చెప్పించాం. ఆ తర్వాత మైకుసెట్టు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది అదే: "బంతి లేపే పాట తెస్తున్నవా?" దేవుడి పాటలు కూడా దాని తర్వాతే అడిగేవాళ్లు.

నాకైతే ఆ పాడే ఆమె అంటే ఇష్టం. ఆమెకు నేనొక రూపం కూడా ఇచ్చుకున్నాను. బక్కగా, పొడుగ్గా, కొంగు నడుముకు దోపుకొని, చేతిలో గరిటె. ఫంక్షన్లలో మగవాళ్లందరూ సాంబారు సాంబారు అని అరుస్తుంటే, స్తంభం మీది నుంచి వాళ్లందరినీ ఒక్కతే తిట్టేది. తిరిగి ఒక్కడూ మాట అనేవాడు కాదు. ఇంట్లో కూడా నేను అంట్లు తోమేటప్పుడు "ఆమెను పెట్టు" అనేదాన్ని. ఆమె మొదలుపెట్టిందంటే గిన్నెలు వాటంతట అవే తెల్లబడ్డట్టు ఉండేది. మా కొడుకు ఆ పాట కిందనే పెరిగాడు. బడికి పోయే ముందు వాడి నోట్లో ముద్దలు పోవాలంటే అదే మందు.

తర్వాత డీజేలు వచ్చాయి, బఫేలు వచ్చాయి. అందరూ నిలబడే తింటుంటే ఇంక లేపేదెవరిని? మైకుసెట్టు సజ్జ మీదికి ఎక్కింది. మా కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. దుకాణం డబ్బాలు పెట్టడానికి ఆ సజ్జ కావాలని వాడికి ఎప్పటి నుంచో కన్ను.

"నాయినా, గా గొట్టాలు పాత ఇనుప సామానోనికి ఇచ్చేద్దాం. ఎలుకలు కాపురం పెట్టినయ్" అన్నాడు ఒకరోజు.

"ఎలుకలకు కూడా కిరాయిల్లు కావాలె గదరా" అన్నాడు ఈయన.

"పరాచికాలు కాదు. గిప్పుడు దాంతోని ఏం పనైతది?"

ఈయన తింటున్న కంచం పక్కకు జరిపాడు. ఆ వారంలోనే కోదాడలో మా తమ్ముడి గృహప్రవేశం ఉంది. మా మరదలు పట్టుబట్టి, వచ్చినవాళ్లను నిలబెట్టి అన్నం పెట్టేది లేదు, బల్లలు వేసి, ఆకులు వేసి కూర్చోబెట్టాల్సిందే అంది. "కోదాడకు సెట్టు తీస్కపోత. పాట ఏస్త. బంతి లేసిందా, సెట్టు నేను పోయేదాంక ఈ ఇంట్లనే ఉంటది. లేవలేదా, నేనే నెత్తిన పెట్టుకొని మోసుకపోయి ఇనుప సామానోనికి ఇచ్చి వస్త" అన్నాడు.

"మాట మీద ఉంటవా?"

"నువ్వు ముందటి బంతిలనే కూసో. నీ కండ్లతోని సూడు."

వాడు సరేనన్నాడు. ఆ పూట ఇద్దరూ మామూలు కంటే తొందరగా తిన్నారు.

ట్రాలీ ఆటోలో గొట్టాలు, ఒక చెక్క స్పీకరు బాక్సు వేసుకొని బయలుదేరాం. నేను ముందు డ్రైవరు పక్కన. ఈయన వెనక, దుప్పటి నాలుగు మడతలు వేసి ఒళ్లో పెట్టుకొని, దాని మీద మిషను పెట్టుకొని, లారీల గాలికి కళ్లు మూసుకొని కూర్చున్నాడు. మునగాల దాటే దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. మా పిల్లవాణ్ని దవాఖానకు తీసుకుపోయినప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

మా మరదలిది అనంతగిరి. మాట కొంచెం ఆంధ్ర వైపు ఒరుగుతుంది. "అన్నయ్యగారూ, గొట్టాలు ఎటైనా కట్టండి గానీ ఎదురింటి వైపు మాత్రం తిప్పకండి. ఆయనకి బీపీ, మాకు మొదటి రోజే గొడవెందుకు" అంది. ఈయన ఒక గొట్టాన్ని రోడ్డుకు, ఒకదాన్ని ఖాళీ ప్లాటుకు తిప్పి, చెక్క బాక్సును భోజనాల హాల్లో పెట్టాడు.

వ్రతం అయ్యింది. ఆకులు వేశారు. మొదటి బంతిలో మా మరదలు పుట్టింటి పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లు కూర్చుంటే లేవరని కోదాడ నుంచి అనంతగిరి దాకా పేరు. వాళ్ల మధ్యలో మా కొడుకు, చేతులు కట్టుకొని, సాక్షి సంతకం పెట్టడానికి వచ్చినట్టు. పప్పు, గుత్తివంకాయ, పులిహోర వడ్డించారు. ఈయన రికార్డు తుడిచి ముల్లు దించాడు.

ఆమె వచ్చింది. అదే గొంతు, అదే కోపం. పెద్దమనుషులు ఉలిక్కిపడి ముద్దలు పెద్దవి చేశారు. ఈయన నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

అప్పుడే లోపలి నుంచి మా తమ్ముడి కొత్త అల్లుడు ఉరికి వచ్చాడు. మిర్యాలగూడ పిల్లవాడు, అక్కడే కాలేజీలో పాఠాలు చెబుతాడు. వరసకు మాకు కొడుకవుతాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. వచ్చి, అట్టను రెండు చేతులతో ఎత్తుకొని చూశాడు.

"పెద్దనాయనా, ఇది మీ దగ్గర ఎట్లుంది?"

"ఎందుకు బిడ్డా, మీది పోయిందా?"

"అయ్యో అట్ల కాదు. ఇది చాలా పెద్ద పేరున్న ఆల్బం. ఫంకు, సైకెడెలిక్ రాకు అని రెండు తీర్ల ఇంగ్లీషు సంగీతం కలిపి చేసిన్రు. నేను ఫోన్ల వినుడే గానీ, రికార్డు కంటితోని సూసుడు ఇదే ఫస్ట్."

"అంటే ఏంది అవి రెండూ?"

అల్లుడు కొంచెం ఆలోచించాడు. "ఫంకు అంటే నడుం ఒక దగ్గర నిలవది. సైకెడెలిక్ అంటే తల ఒక దగ్గర నిలవది."

"గదే గద, అందుకే బంతి నిలుస్తలేదు" అన్నాడు ఈయన సంతోషంగా.

అల్లుడు నవ్వలేదు. మిషను వైపు చూసి, చెవి పెట్టి, మెల్లగా అన్నాడు. "కానీ పెద్దనాయనా, ఇది తప్పు స్పీడుల తిరుగుతున్నది. ఇది నిదానంగ తిరగాలె."

నేను మా తమ్ముడి వైపు చూశాను. కొత్త అల్లుడు కొత్త ఇంట్లో నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. అతను చందమామ కావాలన్నా మా తమ్ముడు నిచ్చెన వెతికే రోజు. "అల్లుడుగారు సదువుకున్నోళ్లు, చెప్తున్నరు గద బావా. జర ఆయన మాట సూడు" అన్నాడు.

మా ఆయన ఒకసారి కొడుకు వైపు చూశాడు. తర్వాత పుల్ల మీది నల్ల టేపును గోటితో పట్టి లాగాడు. ఎండిపోయి అంటుకున్న టేపు, పుండు మీది పక్కులా ముక్కలు ముక్కలుగా వచ్చింది. పుల్లను జరిపాడు.

ఆమె బావిలో పడిపోయింది. నేను అట్లాగే విన్నాను: పాడుతూ పాడుతూ కిందికి, ఇంకా కిందికి జారిపోయి, ఆ లోతులోంచి ఒక మగవాడు పైకి వచ్చాడు. బొంగురు గొంతు, తొందర లేని మనిషి. ఎవరినీ తిట్టడం లేదు. డప్పు, కాలువలో కడిగిన బర్రె ఇంటికి నడిచినట్టు బరువుగా, తీరుబడిగా నడుస్తోంది. తీగ వాయిద్యం పాలు పొంగే ముందు అంచున తిరిగే నురగలాగా చుట్టలు చుట్టుకుంటోంది. ఇన్నాళ్లూ ఒక్క గోలలాగా విన్నదాంట్లో ఎన్నెన్ని వాయిద్యాలు ఉన్నాయో అప్పుడు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి.

హాల్లో చేతులు నెమ్మదించాయి. అనంతగిరి పెద్దాయన ఒకరు కుర్చీలో వెనక్కి వాలి, మళ్లీ పప్పు అడిగారు. పక్కాయన వంకాయను ముచ్చికతో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నప్పుడు వాళ్లమ్మ వండిన వంకాయ కథ మొదలుపెట్టారు. వెనక కుర్చీలు పట్టుకొని నిలబడ్డవాళ్లు తిట్టుకోవాల్సింది పోయి తలలు ఊపుతున్నారు. మా కొడుకు పెరుగు మూడోసారి వేయించుకున్నాడు, నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

అల్లుడు మిషను పక్కన కళ్లు మూసుకొని నిలబడ్డాడు. "అసలైతే దీన్ని చీకట్ల, కండ్లు మూసుకొని, ఇంకే పనీ పెట్టుకోకుంట వినాలె పెద్దనాయనా" అన్నాడు. మేము దాన్ని పట్టపగలు సాంబారు కోసం వేశామని అతనికి చెప్పబుద్ధి కాలేదు.

మరదలు వంటగది గుమ్మంలోంచి నన్ను సైగ చేసి పిలిచింది. "వదినా, సాంబారు అడుగంటుతోంది. బొబ్బట్లు సగం అయిపోయాయి. ఇంకా మొదటి బంతే లేవలేదు. వీధిలో జనం పెరిగిపోతున్నారు. ఇదేం పాట వదినా, మీరు లేపే పాటన్నారు, ఇది పడుకోబెట్టే పాటలా ఉంది."

నేను మా ఆయన దగ్గరికి పోయాను. ఆయన కూడా కళ్లు మూసుకొని ఉన్నాడు.

"ఇగో, బంతి లేస్తలేదు."

"లేవనీ తియ్."

"సెట్టు పోతది. పోరడు పెరుగు తినుకుంట నవ్వుతున్నడు."

"జర విననియ్యవే" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

అప్పుడు నాకు నిజంగా పరేషాన్ అయ్యింది. పందెం కట్టిన మనిషే పందెం మర్చిపోతే ఇంకెవరు కాపాడతారు?

కాపాడింది మా మరదలు. కొత్త అల్లుడికి బట్టలు పెట్టడం భోజనాల తర్వాత అనుకున్నారు. ఆమె ఒక్క క్షణంలో పళ్లెంలో పంచె, షర్టు గుడ్డ, పండ్లు పెట్టి, హాల్లోకి వచ్చి ఎంతో మర్యాదగా అంది: "అల్లుడుగారూ, రండి, మంచి గడియ దాటిపోతోంది. మళ్లీ వర్జ్యం వస్తుంది." ఆ రోజు వర్జ్యం ఉందో లేదో పంతులుగారికే తెలియాలి. అతను వెనక్కి వెనక్కి చూసుకుంటూ లోపలికి పోయాడు. కుర్చీలో తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ఒళ్లో పళ్లెం పెట్టారు. హారతి అయ్యేదాకా అల్లుడు కుర్చీలోంచి లేవకూడదు. తలుపు దగ్గరికి వచ్చి మరదలు నా చెవిలో చెప్పింది. "నేను హారతి నెమ్మదిగా ఇస్తాను గానీ, మీరు ఇందాకటి ఆ తిట్టే పాటావిడని పిలవండి."

నేనే పోయి పుల్ల మీద చెయ్యి వేశాను. ఆ మిషనును నేనెప్పుడూ ముట్టుకొని ఎరుగను. ఆయన కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు, బంతిని చూశాడు, కొడుకును చూశాడు.

"గట్ల కాదే, ముల్లు లేపి తిప్పాలె" అని, నా చెయ్యి తీసేసి, తనే ముల్లు ఎత్తాడు. పుల్లను వడి వైపు జరిపాడు. ఎన్ని ఊళ్లలో ఎంతమందిని అన్నం ముందు నుంచి లేపాడో ఆ మనిషి. ఆ రోజు ఆయన మొహమే, ఆకులో సగం అన్నం ఉండగానే లేపేస్తే లేచినవాడి మొహంలా ఉంది.

ఆమె వచ్చింది. బావిలోంచి తడి చీరతో లేచి వచ్చినట్టు, ముందుకంటే ఎక్కువ కోపంతో. అందరికంటే ముందు లేచింది ఎవరనుకున్నారు? మా కొడుకు. మొదటి అరుపు వినపడగానే నోట్లో ముద్ద ఉండగానే, ఆకు మడిచి, కుర్చీ వెనక్కి నెట్టి, కొళాయి దగ్గరికి పోయాడు. చిన్నప్పుడు బడి గంట కంటే ముందు ఆ పాటకు లేచిన కాళ్లు. చేతి మీద నీళ్లు పడ్డాక గానీ వాడికి తెలివి రాలేదు. వాణ్ని చూసి పక్కాయన లేచాడు, ఆయన్ను చూసి అనంతగిరి పెద్దమనుషులు వంకాయ కథ మధ్యలో వదిలేసి నిలబడే నీళ్లు తాగారు. వెనక నిలబడ్డవాళ్లు ఆకులు తీయకముందే కూర్చున్నారు.

లోపల అల్లుడు, తల మీద అక్షింతలు, ఒళ్లో పళ్లెం, ముందు హారతి. ఆమె అరిచినప్పుడల్లా అతని భుజాలు పైకి లేస్తున్నాయి. మా మరదలు హారతి పళ్లేన్ని ఎంత నెమ్మదిగా తిప్పిందంటే, అప్పుడు ఆ ఇంట్లో సరైన స్పీడులో తిరుగుతున్నది అదొక్కటే.

కొడుకు తండ్రి దగ్గరికి వచ్చాడు, చెయ్యి తుడుచుకుంటూ. "గిది తొండి నాయినా."

"ఏది తొండిరా? పాట ఏసిన, బంతి లేసింది."

"తప్పు స్పీడు గద."

"స్పీడు ముచ్చట పందెంల ఉన్నదా?" అన్నాడు ఈయన. కానీ గెలిచినవాడి గొంతు కాదు అది.

చివరి బంతిలో ఇంటివాళ్లం కూర్చున్నాం. అల్లుడు కొత్త బట్టల పళ్లెం పక్కన పెట్టి మా మధ్యలో కూర్చున్నాడు. వెనక నిలబడేవాళ్లు ఎవరూ లేరు. మా ఆయన ఎవరూ అడగకుండానే పుల్లను నిదానం వైపు జరిపి వచ్చి కూర్చున్నాడు. అప్పటికి మిగిలింది పులిహోర అడుగు, మామిడికాయ పచ్చడి, నీళ్ల మజ్జిగ. కొత్త అల్లుడికి కొత్త ఇంట్లో అదీ భోజనం. మా తమ్ముడు సిగ్గుతో తల ఎత్తలేదు. అల్లుడు మాత్రం ఒక్కొక్క మెతుకూ పాటకు జత చేసి తిన్నాడు. చివరికి "ఇంత మంచి భోజనం నేను ఎక్కడా తినలేదు మామయ్యా" అన్నాడు. మా మరదలు అది పొగడ్తో ఎత్తిపొడుపో తేలక ఇప్పటికీ నన్ను ఫోన్లో అడుగుతుంటుంది.

సెట్టు సూర్యాపేట ఇంట్లోనే ఉంది. గొట్టాలు సజ్జ మీదనే, మిషను మాత్రం కిందికి దిగి ముందు గదిలోకి వచ్చింది. కొడుకు డబ్బాలు మంచం కిందికి పోయాయి. చీకట్లో వినాలన్న మాటను మా ఆయన తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. మధ్యాహ్నం పూట తలుపులు వేసి, కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను చప్పుడు అడ్డమని అది కూడా ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చుంటాడు. పక్కింటావిడ రెండుసార్లు వచ్చి, "అన్నకు పానం బాగలేదా అక్కా" అని అడిగి పోయింది. లేదమ్మా, పాట వింటున్నడు అంటే నమ్మలేదు. మూడోసారి బత్తాయి పండ్లు తెచ్చింది.

అన్నం కూడా ఇప్పుడు ఆ మగవాడి పాటకే తింటాడు. కోడలికి తోడు దొరికింది. వాళ్లిద్దరూ ముద్ద ముద్దకూ ఆగి తింటుంటే, నేనూ నా కొడుకూ ఖాళీ కంచాల ముందు కూర్చొని వాళ్ల కంచాల్లోకి చూస్తుంటాం, వెనక బంతి వాళ్లలాగా.

అందరూ లేచాక నేను అంట్లు బయటికి తీసుకుపోయి, కొళాయి విప్పి, గదిలోకి కేక వేస్తాను.

"ఇగ ఆమెను పెట్టు."

ముల్లు లేస్తుంది, పుల్ల జరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఆమె వస్తుంది, తిట్టుకుంటూ.